వేరుశనగ ఏ బుట్టలో వేయాలి?

మిరపకాయ కళ్లంలో ఎండిన తర్వాత మా ఇంట్లో మొదలయ్యే పని ఏరడం. అమ్మ, నాయనమ్మ, కూలికి వచ్చిన ఆడవాళ్లు వరసగా కూర్చుని ఎర్రకాయ ఒకపక్కకు, రంగు చెడిన తాలుకాయ మరోపక్కకు వేస్తారు. తాలు కలిసిందా, యార్డులో ధర పడిపోయినట్లే. చిన్నప్పుడు నేనూ వాళ్లతో పోటీపడి గబగబా ఏరేవాణ్ణి. "చెయ్యి ఆడితే సరా? కన్ను చూడాలిరా" అనేది నాయనమ్మ. ఆ మాట ఈ ఏడాది కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు నాకు బాగా అర్థమైంది.

మా వృక్షశాస్త్రం మాష్టారు ఆన్‌లైన్ పాఠానికి ఒక చిన్న పరీక్ష తయారుచెయ్యమన్నారు. తెరమీద కొన్ని పేర్లు, పక్కన బుట్టల్లాంటి గళ్లు ఉంటాయి. ఏ పేరు ఏ గడిదో అందులోకి లాగి వదలాలి. నార్వేలో పుట్టిన హెచ్‌ఫైవ్‌పీ అనే ఉచిత సాధనంతో, ప్రోగ్రామింగు రాకపోయినా, ఇలాంటిది ఒక పూటలో చేసెయ్యవచ్చు. ప్రతి పేరుకూ సరైన గడి ఏదో గుర్తుపెడితే చాలు, మార్కులు అదే వేస్తుంది.

నేను రెండు గళ్లు పెట్టాను: వేరు, కాండం. బంగాళాదుంప, అల్లం, పసుపు, చిలగడదుంప, క్యారట్, ముల్లంగి ఇచ్చాను. అందరికీ మంచి మార్కులు వచ్చాయి. పొంగిపోయాను. తీరా బంగాళాదుంప కాండం ఎలా అయిందని ఒక మిత్రుణ్ణి అడిగితే, "ఏమో, అటు వేస్తే ఎర్రగా వచ్చింది, ఇటు వేస్తే పచ్చగా వచ్చింది" అన్నాడు! రెండే గళ్లున్నప్పుడు కళ్లు మూసుకుని వేసినా సగటున సగం ఒప్పవుతాయి గదా. వాడు ఏరలేదు, విసిరాడు. తప్పు వాడిది కాదు, నాది.

అందుకని "రెండూ కావు" అనే మూడో గడి చేర్చి, ఉల్లిపాయ, వేరుశనగ కూడా ఇచ్చాను. పేరులోనే వేరు ఉంది గనుక చాలామంది వేరుశనగను వేరులో పడేశారు. అప్పుడు మొదలైంది అసలు చర్చ. పువ్వు ఫలదీకరణం చెందాక ఊడ భూమిలోకి దిగి అక్కడ కాయ అవుతుంది. ఉల్లిలో మనం తినేది ఆకుల కండగల అడుగు భాగం. బంగాళాదుంప మీది కళ్లు మొగ్గలు, మొగ్గలుండేది కాండానికే. తప్పు వేసిన వాడికి ఈ కారణం కనబడేలా రాసిపెట్టాను. పరీక్ష అంటే ఇదీ అనుకున్నాను.

కానీ అసలు దెబ్బ తర్వాత తగిలింది. మా హాస్టల్లో అనంతపురం జిల్లా మిత్రుడొకడున్నాడు. వేరుశనగ పండించే ఇల్లు. ఊడలు దిగడం మాష్టారికంటే ముందు వాళ్ల నాన్న దగ్గర నేర్చినవాడు. చిన్నప్పుడు గడ్డి కోసే యంత్రంలో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. పగిలిన ఫోను తెరమీద పేరును లాగబోతే మధ్యలో జారి పక్క గడిలో పడుతోంది. వాడికి ఎనిమిదికి మూడొచ్చాయి. "నాకు తెలుసన్నా, పోవట్లేదు" అన్నాడు. నా పరీక్ష వాడి తెలివిని కొలవలేదు, వాడి వేళ్లను కొలిచింది. సిగ్గుతో తలవంచుకున్నాను.

వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూత్రీసీ సంస్థ 2023లో ఒక నియమం చేర్చింది. లాగడం తప్పనిసరి అయినచోట తప్ప, లాగి చేసే ఏ పనినైనా లాగకుండా, తాకో నొక్కో చేసే వీలు కూడా ఉండాలి. అది తెలిశాక అవే ఎనిమిది పేర్లను మూడుల్‌లో జతపరిచే ప్రశ్నగా పెట్టాను. ప్రతి పేరు పక్కన జాబితా వస్తుంది, తాకి ఎంచుకుంటే చాలు. మిత్రుడికి ఎనిమిదికి ఎనిమిది వచ్చాయి.

లాగి వదిలే పరీక్షలు పిల్లలాటలని కొందరు కొట్టిపారేస్తారు. నేనొప్పుకోను. ఏది ఏ జాతిదో ఏరి చెప్పడమే గదా మన శాస్త్రానికి మొదటి మెట్టు! అయితే తెర మెరిసినంత మాత్రాన పాఠం వచ్చేసిందనుకోవడమూ పొరపాటే. ఇలాంటివి తయారుచేసే అధ్యాపకులకూ, తోటి విద్యార్థులకూ నా మనవి మూడు ముక్కలు. ఊహకు అందని గడి ఒకటి పెట్టండి. తప్పుకు కారణం చెప్పండి. లాగలేని చేతికి వేరే దారి ఉంచండి. తెలిసినవాడు తెలియనివాడిగా లెక్క తేలితే అది పరీక్ష కాదు, మంచికాయను తాలులో పడేసినట్లే.