వేదభాష చరిత్ర ఎవరు చదవాలి?

జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతన పథకానికి 2022–23లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ జారీ చేసిన మార్గదర్శకాల్లో ఒక చిన్న వాక్యం చేరింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజ అధ్యయనాలకు సంబంధించిన కోర్సులకు, పరిశోధనాంశాలకు పథకం వర్తించదన్నది దాని సారం. షెడ్యూల్డ్ కులాలు, విముక్త సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ వృత్తిదారుల కుటుంబాల పిల్లల కోసం 1950ల నుంచి నడుస్తున్న పథకమిది. ఇటువంటి పరిశోధనకు కావలసిన వనరులు దేశంలోనే ఉన్నాయన్నది ప్రభుత్వం వాదన. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్‌లో పాతికేళ్ళ అంబేడ్కర్ చదివిన పత్రం భారతదేశంలో కులాల పుట్టుక గురించే. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనానికి ఇటువంటి షరతు ఉండి ఉంటే ఆ అంశమే అనర్హమయ్యేది. ఈ మాట అప్పుడే చాలామంది అన్నారు. చర్చకు రాని మరొక సంగతి ఉంది. వేదభాషను, దాని బంధు భాషలను చరిత్ర దృష్టితో శాస్త్రీయంగా పరిశోధించే చదువు కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. తులనాత్మక భాషాశాస్త్రం చదువుకున్న వ్యక్తిగా నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

ఆ చదువుకూ కుల ప్రశ్నకూ సంబంధమేమిటని అడిగేవారికి ఒక్క పదం చూపిస్తాను. ఋగ్వేదం అయిదవ మండలంలో దస్యులను ‘అనాస’ అన్నారు. మన అనాసపండుకు దీనితో సంబంధం లేదు. దీన్ని అ+నాస అని విడదీస్తే ముక్కు లేనివారు, అంటే చప్పిడి ముక్కువారు. అన్+ఆస అని విడదీస్తే నోరు లేనివారు, అంటే సరైన మాట రానివారు. మాక్స్ ముల్లర్ మొదటి దారి పట్టాడు. సాయణుడు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రెండవ అర్థం చెప్పాడు. మొదటి పదచ్ఛేదం ఆధారంగా నిటారు ముక్కు ఆర్యజాతి, చప్పిడి ముక్కు అనార్యజాతి అనే బొమ్మ తయారైంది. 1946లో ‘శూద్రులు ఎవరు?’ అన్న గ్రంథంలో అంబేడ్కర్ ఈ పదాన్నే పట్టుకుని, సాయణుని అర్థమే సరైనదని వాదించారు. ఋగ్వేదంలో ఆర్య, దాస, దస్యు పదాలు ఎక్కడెక్కడ ఏ అర్థంలో వచ్చాయో వెతికి, జాతి సిద్ధాంతానికి అక్కడ ఆధారం లేదన్నారు.

బొంబాయిలో చదువుకునే రోజుల్లో అంటరానివాడన్న కారణంగా ఆయనకు సంస్కృతం నిరాకరించారు. బదులుగా పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. ఇందులో ఒక వింత ఉంది. పర్షియన్ సంస్కృతానికి అక్కచెల్లెళ్ళ వరుస. పితృ, మాతృ, భ్రాతృ అన్న మాటలే అక్కడ పెదర్, మాదర్, బరాదర్. సంస్కృతం తలుపు మూసినవారికి తాము తెరిచిన తలుపు ఆ ఇంటిదేనని తెలియదు. సంస్కృతంలో తనకు పాండిత్యం లేదని, అయినా అనువాదాల మీద పదిహేనేళ్ళు శ్రమించానని, అది చాలదా అని ఆ గ్రంథం ముందుమాటలో ఆయన వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆయనకు అది అవసరమయ్యింది సరే. ఎనభై ఏళ్ళ తరువాత కూడా మన పిల్లలు అనువాదాల దగ్గరే ఆగిపోవాలా?

ఈ శాస్త్రం పనిచేసే తీరు తెలిస్తే దాని మీద ఉన్న భయం సగం పోతుంది. కన్నడంలో ‘కెరె’ మనకు చెరువు. అక్కడ ‘కివి’ ఇక్కడ చెవి. ‘కిరు’ చిరు, ‘కై’ చేయి. ఇ, ఎ వంటి అచ్చుల ముందు పాత ‘క’ ధ్వని తెలుగులో ‘చ’గా మారింది. నాలుక ముందుకు జరగడం వల్ల కలిగే మార్పు ఇది. ఇప్పుడు సంస్కృతంలో ‘మరియు’ అన్న అర్థంలో వచ్చే ‘చ’ను చూడండి. లాటిన్‌లో అది ‘క్వె’. అక్కడ ‘క’, ఇక్కడ ‘చ’. అయితే సంస్కృతంలో దాని తరువాత ఉన్నది ‘అ’ కదా, ‘క’ ఎందుకు మారినట్టు? ఒకప్పుడు అక్కడ ‘ఎ’ ఉండేది కనుక. అది మొదట ‘క’ను ‘చ’గా మార్చి, ఆ తరువాత తానూ ‘అ’లో కలిసిపోయింది. ‘చకార’ అన్న క్రియారూపంలో మొదటి అక్షరం ‘చ’ కావడానికీ ఇదే కారణం. అభ్యాసాక్షరం మారుతుందన్న నియమం పాణిని చెప్పాడు. ఎందుకు మారిందో భాషాచరిత్ర చెప్పింది.

1870లలో ఈ సూత్రం బయటపడేదాకా యూరప్ పండితులు కూడా సంస్కృత అచ్చులే ఆదిమమైనవని నమ్మారు. ఆ విషయంలో గ్రీకు, లాటిన్‌లే పాత స్థితిని నిలుపుకున్నాయని తేలింది. సంస్కృతం సకల భాషలకూ తల్లి అని ఇప్పటికీ సభల్లో వినిపించే మాటకు సమాధానం ఒక్క ‘చ’కారంలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఉపనయనం అక్కరలేదు, ఊరి చెరువు పేరు తెలిస్తే చాలు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని కూడా ఇటువంటి పద్ధతితోనే 1816లో మద్రాసులో ఎల్లిస్ నిరూపించాడు. అది కాల్డ్వెల్ గ్రంథానికి నలభై ఏళ్ళ ముందు.

ఈ శాస్త్రంలో సాక్షులకు అంతస్తులు లేవు. 16వ శతాబ్దం దాకా పుస్తకమే ఎరుగని లిథువేనియా రైతుల భాషలో కొడుకును ‘సూనుస్’ అంటారు, సంస్కృతంలో ‘సూనుః’. ఆదిభాషను పునర్నిర్మించేటప్పుడు ఆ రైతు మాటకూ వేదమంత్రానికీ పక్కపక్కనే పీట వేస్తారు. ద్రావిడ భాషల విషయంలో భద్రిరాజు కృష్ణమూర్తి చేసింది కూడా ఇదే. లిపి లేని కొండ భాషను ఆదివాసుల నోట విని, దానికి వ్యాకరణం రాశారు. ఇక ఇండో–ఆర్యన్ దేవతల పేర్లకు లభించిన అతి పురాతన లిఖిత ఆధారం మన దేశంలోది కాదు. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో హిట్టైట్, మితాన్ని రాజుల మధ్య కుదిరిన ఒప్పందపు మట్టి ఫలకాలపై మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల పేర్లున్నాయి. అవి దొరికింది నేటి టర్కీలో. మన దగ్గర అశోకుడు శాసనాలు చెక్కించింది సంస్కృతంలో కాదు, ప్రధానంగా ప్రాకృతంలో.

పురుషసూక్తం సంగతి మరీ ముఖ్యం. రాజన్య, వైశ్య, శూద్ర అన్న పదాలు ఋగ్వేదం మొత్తంలో ఆ ఒక్క సూక్తంలోనే వస్తాయి. అది తరువాతి కాలానిదని మనం తరచూ అంటాం. ఎలా తెలుసని ఎదుటివాడు అడిగితే? పదవ మండలం భాషే చెబుతుంది. పాత మండలాల్లో ‘రోమన్’ అన్న పదం అక్కడ ‘లోమన్’గా కనిపించడం వంటి జాడలు ఎన్నో ఉన్నాయి. ఇరాన్ అవెస్తాలోనూ పురోహితులకు, యోధులకు, పశుపాలకులైన కర్షకులకు వేర్వేరు పేర్లున్నాయి. అయినా వేల కులాలుగా చీలి అంటరానితనం దాకా సాగిన వ్యవస్థ అక్కడ ఏర్పడలేదు. కనుక కులాన్ని ఎక్కడి నుంచో మూటగట్టుకొచ్చిన సరుకుగా చూపడం కుదరదు. దాని పుట్టుకను ఈ నేల చరిత్రలోనే వెతకాలని నా అభిప్రాయం.

ఈ సాక్ష్యం మనవైపు వాదాలనూ వదలదు. ఫూలే 1873లో ‘గులాంగిరి’ రాసేనాటికి ఆర్య దండయాత్ర సిద్ధాంతం చేతికందిన ఆయుధం. నేటికీ మన వేదికల మీద ఆర్య, ద్రావిడ పదాలను రక్తం పేర్లుగా వాడుతున్నాం. ఉత్తరప్రదేశ్ దళితుల మాతృభాష ఇండో–ఆర్యన్ కుటుంబానిది, తమిళ బ్రాహ్మణుల ఇంటి భాష ద్రావిడం, బస్తర్ హల్బా ఆదివాసుల హల్బీ ఇండో–ఆర్యన్. భాష ఒక దారిన నడుస్తుంది, వంశం మరొక దారిన. జాతి సిద్ధాంతాన్ని తోసిపుచ్చడంలో అంబేడ్కర్ సరైనవారని కాలం రుజువు చేసింది. ఆర్యభాష బయటి నుంచి వచ్చిందన్న విషయంలో మాత్రం నేటి భాషాశాస్త్రవేత్తల్లో అత్యధికులు ఆయనతో ఏకీభవించరు. ఆయన రచనలోని ఆ భాగాన్నొక్కటే ఏరుకుని ఉటంకించేవారు ఎవరో పాఠకులకు తెలుసు. వారికి జవాబు చెప్పాలంటే భక్తి చాలదు, మూలం చదవడం రావాలి.

సంస్కృతం మనకెందుకు, ఇంగ్లీషు చాలునని మిత్రులు అంటారు. బతుకుతెరువుకు చాలు, నిజమే. కాని అంబేడ్కర్ జీవితం చివరి దశలో పాళీ నిఘంటువుకు, వ్యాకరణానికి కూర్చున్నది బతుకుతెరువు కోసం కాదు. దేశంలోనే వనరులున్నాయన్న ప్రభుత్వం మాట విషయానికొస్తే, 2019లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సంస్కృతం బోధించడానికి ఎంపికైన ముస్లిం అధ్యాపకుడికి వ్యతిరేకంగా విద్యార్థులు వారాల తరబడి ధర్నా చేశారు. ఆయన చివరికి వేరే విభాగానికి మారవలసి వచ్చింది. నాకు తెలిసిన సంస్కృత విభాగాల్లో పాణిని ఉంటాడు, అవెస్తా ఉండదు. భాషాశాస్త్ర విభాగాల్లో చారిత్రక భాషాశాస్త్రం ఒక పేపరుతో ముగుస్తుంది. వేదభాషనూ, అవెస్తానూ, హిట్టైట్‌నూ పక్కపక్కన పెట్టి నేర్పే లైడెన్ వంటి చోటికి వెళ్ళడానికి సొంత డబ్బున్నవారికి అడ్డేమీ లేదు. ఉపకార వేతనం మీద ఆధారపడిన కూలీ బిడ్డకే ఆ షరతు తగులుతుంది.

ఆ వాక్యాన్ని తొలగించాలని మన పార్లమెంటు సభ్యులు అడగాలి. ఈలోగా ఇక్కడ చేయగలిగింది కూడా ఉంది. ఉస్మానియాలోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ సంస్కృతం, భాషాశాస్త్రం రెండూ బోధిస్తున్నారు. వేదభాష, పాళీ, ప్రాకృతం, ప్రాచీన తెలుగు శాసనాలు కలిపి, సంస్కృతం ముందుగా రానివారికి అక్షరాల నుంచి నేర్పే రెండేళ్ళ ఉమ్మడి కోర్సు పెట్టడానికి కొత్త భవనాలు అక్కరలేదు. వచ్చే విద్యా సంవత్సరానికి ఆ ప్రతిపాదనను పాఠ్యప్రణాళిక సంఘాల ముందుకు తీసుకువెళ్ళవలసింది విద్యార్థి సంఘాలే.