బహుమతి కోడెకేనా, దాని తల్లికి లేదా?

శివరాత్రి దగ్గర పడితే ముళబాగిలు పక్కన ఆవణి జాతరకు మనవాళ్ళు ఇప్పటికీ బయల్దేరతారు. రామలింగేశ్వరుడికి దండం పెట్టుకున్నాక కాళ్ళు పశువుల పరస వైపే పోతాయి. హళ్ళికార్ కోడెల ముందు నిలబడి కొమ్ములూ, మూపురమూ, నడకా చూస్తాం. నచ్చితే ధర అడుగుతాం. దీని తల్లి ఏది, తండ్రి ఏది అని ఎంతమందిమి అడుగుతున్నాం?

మా మాట ఇదీ. కాడికి పనికొచ్చే జోడుకే గిరాకీ కాబట్టి, చూడచక్కని కోడెకు విత్తులు కొట్టించేస్తాం. ఇక దాని రక్తం దానితోనే సరి. ట్రాక్టరు వచ్చాక ఆ గిరాకీ కూడా తగ్గింది. పాల డబ్బు కోసం సంకరజాతి ఆవులు వచ్చాయి. దాన్ని తప్పు పట్టం, కోలారు పల్లెల్లో ఇళ్ళు నడిచేది పాలమీదే. హళ్ళికార్ ఆవు అన్ని పాలివ్వదు. అందుకే ఉన్న కొద్ది కోడెల్నీ చూసి వాడుకోవాలి.

1960లలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరున్న కోడె ఒకటి బ్రెజిల్ వెళ్ళింది. అక్కడివాళ్ళు దాని సంతతిని తరతరాలుగా పుస్తకాల్లో రాసుకుంటూ నెలోర్ మందలు పెంచారు. మన హళ్ళికార్‌కు 2000లో తపాలా బిళ్ళ దక్కింది గానీ, మన ఇళ్ళలో ఆ పుస్తకం లేదు.

పరసలో విత్తనపు కోడెకు వేరే బహుమతి పెట్టాలి. దాని తల్లిని సాకిన ఇంటికీ అందులో వాటా ఉండాలి. ఈలోగా మనం ఒక నోటుబుక్కు పెడదాం: ఈనిన తేదీ, తల్లి, తండ్రి. రోజూ పాల లెక్క రాసేవాళ్ళం, ఈ మూడు మాటలు రాయలేమా?