వేలిముద్ర పడితే ఒప్పుకున్నట్టేనా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీడీలు చేసే అక్కచెల్లెళ్లు ఎన్ని కాగితాల మీద వేలిముద్రలు వేస్తారో లెక్కలేదు. పీఎఫ్‌కు, పింఛన్‌కు, అప్పుకు, ఆస్పత్రిలో ఆపరేషన్‌కు. "దేని కాయిదం అక్కా?" అని అడిగితే, "ఏమో, పెట్టుమన్నరు, పెట్టిన" అంటారు. ఇది అమాయకత్వం కాదు. పెట్టకపోతే పని ఆగుతుందన్న అనుభవం. వైద్య పరిశోధన కాగితం కూడా ఈ కాగితాల వరసలోనే వచ్చి చేరుతుంది.

"చదువు రాదు, చెప్పినా అర్థం కాదు" అంటారు డాక్టర్లు. నేనొప్పుకోను. వెయ్యి బీడీల కూలిలో ఎంత కోత పడిందో నోటిలెక్కతో చెప్పే మనిషికి మందు దుష్ఫలితాలు అర్థం కావా? చెప్పే ఓపిక లేదు, అంతే.

1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ కోసం పేద స్త్రీలను పోగుచేశారు. అది ప్రయోగమని వాళ్లకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో సహేలీ తదితర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కింది. అయినా ఏం నేర్చుకున్నారు? 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి వేలాదిమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా వేశాయి. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కన్నవాళ్లను అడగకుండా వార్డెన్ సంతకంతో సరిపెట్టడం ఏ శాస్త్రం?

మందుల ప్రయోగాలపై 2019 నియమాలున్నాయి. చదువురాని వాళ్లకు ప్రయోగంతో సంబంధంలేని సాక్షి సమక్షంలో వివరించాలి. కాగితం నకలు చేతికివ్వాలి. ప్రయోగం వల్ల హాని జరిగితే పరిహారమివ్వాలి. ఇవి చాలవు. విన్నది ఆమె తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు పరిశోధకులదే. ఇంటికి వెళ్లి నలుగురితో మాట్లాడుకునే గడువివ్వాలి. వద్దంటే వైద్యం ఆగదని ముందే చెప్పాలి.

మన సంగతేమిటి? సర్వేల పేరుతో మనమూ సంఘం మీటింగుల్లో వేలిముద్రలు తీసుకుంటున్నాం. మన మీది మొహమాటంతో వేసిన ముద్ర కూడా అంగీకారం కాదు. డాక్టర్లను అడిగే ప్రశ్నలు ముందు మనల్ని మనం అడుగుదాం.