పాత ఫోనునకు క్రొత్త బ్యాటరీ

లాంతరునందు చమురు తీఱిపోయినపుడు లాంతరును పెంటకుప్పపై పాఱవేయువారు లేరు. బండికి ఇరుసు అఱిగినచో బండినంతటిని వంటచెఱకుగా నఱకువారును లేరు. చమురు పోయుదురు, ఇరుసు మార్తురు. ఇది మన పెద్దలు నేర్పిన గృహనీతి. అయినను సెల్ ఫోను విషయమున మాత్రము ఈ నీతిని మనము మఱచినట్లున్నాము. రెండు మూడేండ్లు వాడిన ఫోను మధ్యాహ్నమగునప్పటికే ఆఱిపోయినచో, "ఇది పాతబడినది, క్రొత్తది కొనవలసినదే" యని తీర్పు చెప్పుచున్నాము. ఆ తీర్పు తఱచుగా అన్యాయమైనది. ముసలితనము వచ్చినది ఫోనునకు కాదు. దాని కడుపులోనున్న బ్యాటరీకి. బ్యాటరీని మార్పించి, మార్చినదానిని జాగ్రత్తగా కాపాడుకొనుటయే వివేకమని మా యభిప్రాయము.

ఈ విషయము పాఠశాల సంచికకు తగినదేనా యని కొందఱు శంకింపవచ్చును. తగినదే యని మా సమాధానము. మన విద్యార్థులలో అనేకులకు సొంత ఫోను లేదు. పగలెల్ల తండ్రితో పనికి పోయి సాయంకాలము ఇల్లు చేరిన ఫోనులోనే వారు పాఠములు చూచుకొనవలయును. గత సంవత్సరము కూలిపని చేసికొని జీవించు నొక తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, పిల్లవాని పాఠము సగములో నుండగానే ఫోను ఆఱిపోవుచున్నది. అప్పు చేసియైనను క్రొత్తది కొనవలయునా?" యని యడిగెను. మేమా ఫోనును పరీక్షించి చూచితిమి. తెఱ చక్కగా నున్నది; మాటలు స్పష్టముగా వినవచ్చుచున్నవి; లోపమెల్ల బ్యాటరీదే. 1,400 రూపాయలతో బ్యాటరీ మార్పించిన పిమ్మట ఆ ఫోను నేటికిని ఆ యింట పనిచేయుచున్నది. ఆమె చేయబోయిన అప్పు 12,000 రూపాయలు. ఈ రెండంకెల నడుమనున్న వ్యత్యాసమే మాచే నీ వ్యాసమును వ్రాయించుచున్నది.

బ్యాటరీ యేల ముసలిదగునో మొదట తెలిసికొందము. నేటి ఫోనులలో నున్నది లిథియం అయాన్ బ్యాటరీ. దీనిని 1991వ సంవత్సరమున జపాను దేశమునందలి సోనీ కంపెనీవారు మొదట విపణికి తెచ్చిరి. దీనికి పునాదులు వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. గుడినఫ్ గారికి అప్పటికి 97 ఏండ్లు. ముసలివయస్సునను ఆయన చేవ తగ్గలేదు గాని, ఆయన పుణ్యమా యని మనకు వచ్చిన బ్యాటరీకి మాత్రము ముసలితనము తప్పినది కాదు.

గోదావరికి ఈవల నొక యూరు, ఆవల నొక యూరు గలవనుకొందము. ఒక గట్టు గ్రాఫైటు. రెండవ గట్టు కోబాల్టు మొదలగు లోహముల ఆక్సైడు. నడుమనున్న నది ఒక రసాయన ద్రవము. లిథియం అయానులు ప్రయాణికులు. చార్జి చేయునపుడు వారు గ్రాఫైటు గట్టునకు చేరుదురు. ఫోను వాడునపుడు తిరిగి ఈవలి గట్టునకు వత్తురు. ఈ రాకపోకల మూలముననే మనకు విద్యుత్తు లభించుచున్నది. అయితే ప్రతి ప్రయాణమునందును కొందఱు రేవులోని బురదలో చిక్కుకొని మఱల బయలుదేఱరు. గ్రాఫైటుపై పేరుకొను సన్నని పొరయే ఆ బురద. ప్రయాణికులు తగ్గినకొలది బ్యాటరీలో పట్టు విద్యుత్తు తగ్గును. బురద మందమైనకొలది రాకపోకలు కష్టమగును. అందుచేతనే పాత ఫోను 20 శాతము మిగిలియున్నట్లు చూపుచునే, ఫోటో తీయబోవగానే హఠాత్తుగా ఆఱిపోవుచుండును. అందఱను ఒక్కసారిగా దాటింపుమనినచో ఆ రేవు తట్టుకొనజాలదు.

ఈ ముసలితనమునకు లెక్క కలదు. నూఱు పాళ్ల చార్జిని వాడుట ఒక ఆవృత్తి. నేడు సగము, రేపు సగము వాడినను రెండు దినములకు కలిపి ఒక్క ఆవృత్తియే యగును. చాలకాలము పలు ఫోనుల బ్యాటరీలు సుమారు 500 ఆవృత్తులకు తమ తొలి శక్తిలో 80 శాతమునకు దిగునట్లు తయారగుచుండెను. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి అమలునకు వచ్చిన నియమము ప్రకారము 800 ఆవృత్తుల పిమ్మటను 80 శాతము మిగిలియుండవలయును. దినమున కొక్క ఆవృత్తి చొప్పున మొదటిది పదునాఱు నెలలకు పైబడిన కాలము. రెండవది రెండేండ్ల రెండు నెలలు. కావున మూడవ యేట ఫోను అలసినచో ఆశ్చర్యపడ బనిలేదు.

బ్యాటరీ మార్చినంతమాత్రమున ఫోను బాగుపడునా యని సందేహించువారికి ఒక వృత్తాంతము చెప్పెదము. 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీవారు, పాత బ్యాటరీలుగల తమ ఫోనులు హఠాత్తుగా ఆఱిపోకుండుటకై వాని వేగమును తామే తగ్గించుచుండినట్లు ఒప్పుకొని క్షమాపణ చెప్పిరి. బ్యాటరీ మార్పిడి వెలను 79 డాలర్ల నుండి 29 డాలర్లకు తగ్గించిరి. బ్యాటరీ మార్చిన ఫోనులు మఱల పూర్వపు వేగమును పొందెను. ఎందఱు తమ ఫోను మందగించినదని క్రొత్తది కొనియుందురో పాఠకులే ఊహింపవచ్చును.

అయితే ఏ బ్యాటరీ యైనను చాలునా? చాలదు. ఇచ్చట మా తెలివితక్కువను దాచక చెప్పెదము. కొన్ని యేండ్ల క్రిందట మా యింటి ఫోనునకు బ్యాటరీ మార్చవలసి వచ్చినపుడు, ఒక దుకాణమున సగము వెలకే, అసలుదానికంటె పెద్దదని చెప్పబడిన బ్యాటరీ దొరకినది. అసలుదానిపై 4,000 మిల్లీ ఆంపియర్ గంటలని యుండగా, దీనిపై 6,000 అని అచ్చొత్తబడియుండెను. ఆశకు లోబడితిమి. మూడు నెలలు గడచునప్పటికి ఫోను తెఱ ఒక ప్రక్క లేచినది. లోపలి బ్యాటరీ పూరీవలె ఉబ్బియుండెను. ఇంటిలోని చిన్నపిల్ల ఆ ఫోనును తలగడ క్రింద పెట్టుకొని నిద్రించిన రాత్రులు తలంచుకొనిన నేటికిని మాకు గుండె జల్లుమనును. పొడవు, వెడల్పు, మందము ఒక్కటియే యైన సంచిలో ఒకటిన్నర రెట్ల విద్యుత్తు ఎట్లు పట్టును? కుంచములో కుంచమున్నర బియ్యము పట్టునని చెప్పిన మన తల్లులు నమ్ముదురా? ఇటీవల కొన్ని క్రొత్త ఫోనులలో గ్రాఫైటునకు సిలికానును చేర్చి, ఉన్న చోటులోనే ఎక్కువ విద్యుత్తును పట్టించుచున్న మాట నిజమే. కాని అట్టి బ్యాటరీకి తగిన చార్జింగు ఏర్పాటు ఆ ఫోనులలోనే యుండును. పాత ఫోనునకు పెద్ద అంకెను కోరుట వృద్ధి కాదు. క్షీణించినదాని స్థానమున దాని సరిజోడును నిండుగా నుంచుటయే వృద్ధి.

కావున ఫోను తయారుచేసిన కంపెనీవారి సర్వీసు సెంటరు దగ్గఱలో నున్నచో అచ్చటనే మార్పించుట మేలు. లేనిచో పనితెలిసిన మెకానిక్కు నొద్దకు పోయి, పాత బ్యాటరీపైనున్న మోడలు సంఖ్యయు వోల్టులును క్రొత్తదానిపైనను ఉన్నవో లేవో సరిచూచుకొనుడు. భారతీయ ప్రమాణముల సంస్థవారి గుర్తును, ఐ.ఎస్. 16046 అను సంఖ్యను వెదకుడు. తయారైన తేదీని చూడుడు. పెట్టెలో పడియున్నను బ్యాటరీకి వయస్సు పెరుగుచునే యుండును. రసీదు అడిగి పుచ్చుకొనుడు. ఇంటివద్ద చాకుతో ఫోనును విప్పుటకు మాత్రము సాహసింపకుడు. బ్యాటరీ జిగురుతో అంటింపబడియుండును. మొన తగిలి సంచి చిల్లుపడినచో క్షణములో మంటలు లేవవచ్చును.

క్రొత్త బ్యాటరీ వచ్చిన తరువాత దానిని పోషించు విధము నెఱుగవలయును. బ్యాటరీకి ప్రథమశత్రువు వేడి. 35 డిగ్రీలు దాటిన వేడిలో బ్యాటరీ శక్తి మఱల రాని విధముగా తగ్గవచ్చునని ఫోను తయారుచేయువారే చెప్పుచున్నారు. మన దేశమున రెంటచింతల, రామగుండము వంటి తావులలో వేసవియందు 45 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. రేకుల యింటిలో కిటికీ ప్రక్కనను, మోటారుసైకిలు పెట్టెలోను, ఎండలో నిలిపిన కారులోను ఫోను నుంచుట బ్యాటరీని పొయ్యిపై నుంచుటయే. చార్జింగులో నుండగా ఆటలాడుట, తలగడ క్రింద నుంచుట కూడదు. వేడెక్కినదని ఫ్రిజ్జులో పెట్టువారును గలరు. లోపల తేమ చేరును గావున అదియు కూడదు. నీడలో నుంచి చల్లాఱనిచ్చిన చాలును.

రెండవ శత్రువు అతి. నిండుగా నూఱు శాతము చేసి గంటల తరబడి యుంచుటయు, సున్నకు దిగువఱకు పీల్చుటయు రెండును చెఱుపే. 20 నుండి 80 శాతము నడుమ నుంచుట మేలు. 80 శాతమునకు చార్జింగు ఆగునట్లు చేయు ఏర్పాటు నేటి ఫోనులు పెక్కింటిలో కలదు. నెలకొకసారి పూర్తిగా ఖాళీ చేయవలయునని పెద్దలు కొందఱు చెప్పుదురు. అది పూర్వపు నికెల్ కాడ్మియం బ్యాటరీలకు చెల్లిన నియమము, దీనికి చెల్లదు. క్రొత్త బ్యాటరీని మొదట ఎనిమిది గంటలు చార్జి చేయవలయునన్న మాటయు అట్టిదే. రాత్రియంతయు చార్జరునకు తగిలించుటవలన కరెంటు వ్యర్థమగునని కొందఱు భయపడుదురు. లెక్క చూడుడు: 4,000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ సుమారు 15 వాట్ గంటల విద్యుత్తును పట్టును, నడుమ నష్టమగుదానిని కలిపి 20 అనుకొనినను ఒక యూనిట్టుతో ఏబది పర్యాయములు చార్జి చేయవచ్చును. నష్టమగునది కరెంటు కాదు, బ్యాటరీ ఆయుర్దాయము.

ఫోను వెనుకభాగము ఉబ్బినను, తెఱ లేచినను, తీయని వాసన వచ్చినను వెంటనే వాడుక మానుడు. చార్జి చేయకుడు, గ్రుచ్చకుడు, నొక్కకుడు. పిల్లలారా, దానిని చెత్తబుట్టలో వేయకుడు. చెత్తబండిలో నలిగి నిప్పు పుట్టినచో కీడు మోయువాడు పారిశుద్ధ్యపు పనివాడు. మన దేశమున 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము, వాడి విడిచిన బ్యాటరీలను తిరిగి సేకరింపవలసిన బాధ్యత ఉత్పత్తిదారులపై నున్నది. కావున పాతదానిని మార్పించిన చోటనే అప్పగించుడు.

మా మాటకు ఎదురు చెప్పదగిన సంగతులును గలవు. కంపెనీవారు రక్షణకు సంబంధించిన మార్పులను పంపుట మానివేసిన ఫోనులో బ్యాంకు వ్యవహారములు నడపుట మంచిది కాదు. దానిని పాఠములకును మాటలకును మాత్రమే యుంచుకొనవలయును. ఒకసారి విప్పిన ఫోనునకు నీటిని తట్టుకొను గుణము పూర్వమువలె నుండునని నమ్మరాదు. తెఱయు పగిలి, బ్యాటరీయు చెడినచో రెండింటి ఖర్చు క్రొత్త ఫోను వెలకు చేరువ కావచ్చును. ఇట్టి సందర్భములలో లెక్క వేసికొని నిర్ణయింపవలయును. మేము నిందించునది లెక్క వేయకయే పాఱవేయుటను.

ఇందు తయారీదారుల పాలును తక్కువది కాదు. పూర్వపు ఫోనులలో వెనుకమూతను గోటితో తీసి బ్యాటరీని మార్చుకొనుచుంటిమి. నేడు జిగురుతో మూసి, విప్పుటయే గొప్ప విద్యగా చేసిరి. ఐరోపా సమాఖ్యవారు 2023లో చేసిన చట్టముచే, 2027 ఫిబ్రవరి 18 నుండి ఇట్టి చిన్న బ్యాటరీలను కొనువాడే సులభముగా తీసి మార్చుకొనగల ఏర్పాటు, కొన్ని మినహాయింపులతో, ఉండవలయునని నిర్ణయించిరి. మన ప్రభుత్వమువారును 2022లో మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును తెఱచిరి. అది మంచి ఆరంభము. కాని ఐరోపాలో ధనికునకు లభించు సౌకర్యము మన యూరి కూలివానికి మఱింత యవసరము గదా! అట్టి కట్టుబాటు మన దేశమునందును చట్టముగా రావలయునని మేము కోరుచున్నాము.

కడపట నొక్క మాట. ప్రపంచమునకు లభించు కోబాల్టులో సగమునకు మించినది కాంగో ప్రజాస్వామ్య గణతంత్రము నుండి వచ్చుచున్నది. అచ్చటి చేతిగనులలో పిల్లలు సహితము ఖనిజమును ఏరుచు, బస్తాలు మోయుచు నుండినట్లు ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థవారు 2016లో ప్రకటించిరి. ఆ పిల్లలలో మీ యీడువారును గలరు. వారి చేతులలో నున్నది పలక కాదు, గనిమట్టి. మనము బ్యాటరీని ఒక్క యేడాది యధికముగా మన్నించి వాడుకొనినచో వారి బస్తాలు రేపే దిగవు. అయినను ఏ వస్తువు వెనుక ఎవరి చెమట కలదో యెఱిగి వాడువాడు దానిని నిర్లక్ష్యముగా పాఱవేయజాలడు.

విద్యార్థులారా! ఈ సంచిక చదివిన సాయంకాలమే మీ యింటి ఫోనును చేతబట్టి చూడుడు. అది ఎన్నియేండ్లదో అడుగుడు. వెనుకభాగము చదునుగా నున్నదో లేదో చూడుడు. ఎండలో నున్నచో నీడకు తెండు. క్రొత్తది కొనవలయునని అమ్మ నాయనలు అప్పునకు సిద్ధపడుచున్నచో, ముందు బ్యాటరీ మాట చెప్పుడు. ఒక్క యింట ఒక్క అప్పు తప్పినను మా వ్రాత సార్థకమైనదని తలంతుము.