తిరస్కరణ కాగితం తీర్పు కాదు

నూర్పిడి మిషన్లో చేతులు పోయేది మన కూలోళ్లకే. ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ఏటా 20 రూపాయలు మన ఖాతాల్లోంచి ఠంచనుగా కోస్తారు. ప్రమాదంలో ఒక చెయ్యి పోతే లక్ష, రెండూ పోతే 2 లక్షలని రాసుకున్నారు. తీరా అడిగితే 'కాగితాలు చాలవు' అని ఒక్క ముక్క రాసిస్తారు. అయ్యా, మేమడిగేది భిక్షం కాదు, బాకీ!

అన్నలారా, అక్కలారా! 'మన రాతింతే' అని ఇంటికి పోతే వాళ్లకు కావాల్సిందీ అదే. ఆ కాగితం దాచండి. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు వెయ్యండి. ఇంత చిన్న బీమాకు అక్కడ ఫీజు లేదు. ఓడితే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చెయ్యొచ్చు. ప్లీడరుకు డబ్బెక్కడిదంటారా? 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయం ఎంతని చూడకుండా ఉచితంగా ప్లీడరును పెట్టాలి. అది మన హక్కు.

దండం పెట్టి అడిగింది చాలు. దావా వేసి అడుగుదాం.