వేగానికి ఒక చోటుంది, అది మన ఊరి రోడ్డు కాదు



కొత్త కారు కొన్న ఇంట్లో పెద్దవాళ్లు మైలేజీ అడుగుతారు. పిల్లలు మాత్రం "నాన్నా, ఇది ఎంత స్పీడు పోతుంది?" అని అడుగుతారు. స్పీడోమీటరు మీద 200 దాకా అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. గుమ్మఘట్ట దాటి రాయదుర్గం వైపు తిరిగితే రోడ్డు చాలా దూరం నల్లగా, సాఫుగా కనిపిస్తుంది. "ఒక్కసారి తొక్కి చూపించు నాన్నా" అంటారు. చాలామంది తండ్రులు అక్కడే మెత్తబడిపోతారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన బండి ఎంత వేగం పోతుందో చూడాలన్న కోరికలో తప్పు లేదు. దాన్ని తీర్చుకోవడానికి రేస్ ట్రాక్ అనే చోటు ఉంది. సొంత కారుతో అక్కడికి వెళ్లి, రోజంతా నిపుణుల కనుసన్నల్లో నడిపే కార్యక్రమాన్ని ట్రాక్ డే అంటారు. అది ఖర్చుతో, దూరంతో కూడిన పని. ఆ ఖర్చు, ఆ దూరం మనవల్ల కాదనుకుంటే సరదా మానుకుందాం. ఇంటి ముందు రోడ్డు మీద మాత్రం తీర్చుకోవద్దు.

ఖాళీగా కనిపించే రోడ్డు

మన రోడ్డు ఎంత ఖాళీగా ఉంటుందో మనకు తెలియనిది కాదు. కోతల కాలంలో ఉలవ కట్టె, కంది కట్టె రోడ్డు మీదే పరుస్తారు, వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఎండిన కట్టె మీద టైరుకు పట్టు ఉండదు. సాయంత్రం భైరవానితిప్ప ప్రాజెక్టు వైపు నుంచి గొర్రెల మంద మలుపు తిరిగి ఎదురవుతుంది. చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టరు ఉంటుంది. ఉదయం ఏడున్నరకు మన బడి బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడేది మన పిల్లలే.

ఇప్పుడు తొమ్మిదో తరగతి భౌతిక శాస్త్రం లెక్క ఒకటి చేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో కనిపించి కాలు బ్రేకు మీదకు వెళ్లడానికి ఒక సెకను పడుతుందనుకోండి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆ తర్వాత బండి ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. మొత్తం 37. అదే 120లో పోతుంటే సెకనుకు 33 మీటర్లు, బ్రేకు పట్టాక దాదాపు 80 మీటర్లు. మొత్తం 113. వేగం రెండింతలైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. గొర్రెల మంద 60 మీటర్ల దూరంలో ఉంటే మొదటి బండి ఆగుతుంది, రెండోది ఆగదు. నడిపేవాడు ఎంత నేర్పరి అయినా ఈ లెక్క మారదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం కాసినా, వేగ పరీక్ష చేసినా మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 199ఎ సెక్షను తల్లిదండ్రులు మరీ ముఖ్యంగా తెలుసుకోవలసింది. మైనరు చేతికి బండి ఇచ్చి వాడు నేరం చేస్తే, సంరక్షకులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. పదో తరగతి పిల్లవాడికి ముద్దుకొద్దీ తాళం చెవి ఇచ్చే ముందు ఈ సెక్షను ఒక్కసారి చదవండి.

ట్రాక్‌లో ఏముంటుంది?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్ల పోటీ జరిగింది. మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్లే అవి. అయినా పోటీకి ముందు ఆ రోడ్లను మూసేశారు, రెండు పక్కలా కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనుప కంచె నిలబెట్టారు, డాక్టర్లను, మంటలార్పే సిబ్బందిని సిద్ధం చేశారు. ఆ తర్వాతే కార్లను వదిలారు. ప్రపంచ స్థాయి డ్రైవర్లకే అంత ఏర్పాటు కావలసి వచ్చింది.

శాశ్వతమైన ట్రాకుల్లో ఈ ఏర్పాటు ఏడాది పొడుగునా ఉంటుంది. మనకు అందుబాటులో ఉన్నది చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాసు ట్రాక్. బెంగళూరు నుంచి చెన్నై వెళ్లే హైవే పక్కనే ఉంటుంది, పొడవు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2011లో దేశంలో మొదటి ఫార్ములా వన్ పోటీ జరిగిన బుద్ధ సర్క్యూట్ ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఉంది. వీటిలో ఎదురుగా బండి రాదు, పశువు రాదు, అడ్డంగా పిల్లవాడు పరిగెత్తడు. మలుపుల దగ్గర బండి అదుపు తప్పితే ఆగడానికి ఖాళీ జాగా వదిలి ఉంటుంది.

ట్రాక్ డే అంటే పందెం కాదు. బహుమతులు ఉండవు, ఎవరు ముందు అన్న లెక్క ఉండదు. పదిహేను ఇరవై నిమిషాల చొప్పున విడతలు విడతలుగా నడపనిస్తారు. ఎవరిని దాటాలన్నా తిన్నని దారిలోనే, అదీ ముందున్నవారు చేయి చూపి దారి ఇచ్చాకే.

బయలుదేరే ముందు

మొదట బీరువాలో ఉన్న ఇన్సూరెన్సు పాలసీ కాగితం తీయండి. వాడకంపై పరిమితులు అన్న చోట వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షలు వంటివి పాలసీ కిందకు రావని రాసి ఉంటుంది. అంటే ట్రాక్ మీద బండికి దెబ్బ తగిలితే ఖర్చు మీదే అనుకుని వెళ్లాలి. కారు లోను ఇంకా తీరలేదా? అయితే ఈ ఆలోచన లోను తీరాక చేయడం మేలు.

రెండోది బ్రేకులు. 1,200 కిలోల కారు 120 వేగం నుంచి పూర్తిగా ఆగితే పుట్టే వేడి దాదాపు రెండు లీటర్ల నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. రోడ్డు మీద అలాంటి బ్రేకు ఏడాదికి ఒకసారి పడుతుందేమో. ట్రాక్ మీద ఒక్క చుట్టులోనే మూడు నాలుగు సార్లు గట్టి బ్రేకు పడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా దిగజారవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే వెళ్లే ముందు ఆయిలు మార్పించాలి. ప్యాడ్లు సగానికి పైగా మిగిలి ఉన్నాయో లేదో చక్రం విప్పి చూపించమని మెకానిక్‌ను అడగండి. మాట మీద నమ్మవద్దు.

మూడోది టైర్లు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరుగు కనిపించకపోయినా మన ఎండలకు రబ్బరు గట్టిపడుతుంది. టైరు సైజు అంకెల చివర ఉన్న అక్షరం అది తట్టుకునే వేగం చెబుతుంది. టీ అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ అంటే 210. పగుళ్లున్న టైరుతో, రీట్రేడు వేసిన టైరుతో వెళ్లకూడదు. చక్రాల నట్లు సరైన బిగువులో ఉన్నాయో లేదో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడాలి.

నాలుగోది, బండిని పూర్తిగా ఖాళీ చేయడం. డిక్కీలో స్టెప్నీ, జాకీ, నీళ్ల క్యాన్లు, సీటు కింద దొర్లే సీసాలు, కాలి కింద మ్యాట్లు అన్నీ తీసేయాలి. డ్యాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుణ్ణి కూడా భక్తితో తీసి ఇంట్లో పెట్టి వెళ్లండి. గట్టిగా బ్రేకు పడితే ఆ బొమ్మ ఊడి వచ్చి పెడలు కింద ఇరుక్కోవచ్చు.

స్కార్పియో, ఇన్నోవా వంటి ఎత్తైన బండ్లున్నవారు ముందే నిర్వాహకులను అడగండి. ఎత్తు పెరిగేకొద్దీ మలుపులో పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి చాలా చోట్ల వాటిని అనుమతించరు. వద్దంటే వాదించవద్దు.

ట్రాక్ మీద

ఉదయం అందరినీ కూర్చోబెట్టి నియమాలు చెబుతారు. అది వినకుండా ఎవరూ బండి ఎక్కకూడదు. జెండాలు బాగా గుర్తుపెట్టుకోవాలి. పసుపు జెండా కనిపిస్తే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించాలి, ఎవరినీ దాటకూడదు. ఎరుపు అంటే ఆ విడత ఆగిపోయింది, జాగ్రత్తగా లోపలికి రావాలి. నీలం అంటే వెనక మీకన్నా వేగంగా ఒకరు వస్తున్నారు, దారి ఇవ్వాలి. నలుపు మీకు చూపితే మీరు వెంటనే లోపలికి రావాలి. నలుపు తెలుపు గళ్ల జెండా అంటే విడత ముగిసింది.

ముఖం మొత్తం కప్పే హెల్మెట్, నూలు బట్టలు, బిగించి కట్టే బూట్లు, సీటు బెల్టు తప్పనిసరి. చెప్పులతో నడపనివ్వరు. ఏబీఎస్, బండి జారకుండా పట్టుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు ఆపివేయాలన్న కోరిక మొదటిసారే వద్దు. మొదటి రెండు చుట్లు మలుపులు గుర్తుపట్టడానికే నడపండి, చివరి చుట్టు బ్రేకులు చల్లబడడానికి నెమ్మదిగా నడపండి. బండి నిలిపాక హ్యాండ్ బ్రేకు వేయవద్దు, వేడి డిస్కులకు ప్యాడ్లు అతుక్కుంటాయి. గేరులో పెట్టి చక్రానికి చెక్క అడ్డం పెడితే చాలు.

పిల్లలను తీసుకెళ్లాలా?

తీసుకెళ్లండి, కానీ పక్క సీట్లో కూర్చోబెట్టవద్దు. వాళ్ల స్థానం కంచె వెనక, ప్రేక్షకుల కోసం కేటాయించిన చోట. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని లె మాన్స్ పోటీలో ఒక కారు ఎగిరి జనం మీద పడి 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. స్విట్జర్లాండు ఆ తర్వాత సర్క్యూట్ రేసులనే నిషేధించింది. ఈ రోజు ట్రాకుల దగ్గర మనకు కనిపించే కంచెలు, దూరాలు అలాంటి అనుభవాల నుంచి వచ్చాయి. "ఇక్కడి నుంచి బాగా కనపడదు సార్" అని కంచె దగ్గరికి జరగవద్దు.

పిల్లవాడు అక్కడ ఏం చూస్తాడన్నదే నాకు ముఖ్యం. ఇంట్లో ఎవరి మాటా వినని తండ్రి, ట్రాక్ మీద ఒక చిన్న ఉద్యోగి ఊపిన పసుపు జెండాకు వెంటనే వేగం తగ్గిస్తాడు. పది నిమిషాల వేగం కోసం రెండు వారాలు బండిని సిద్ధం చేస్తాడు. టైరు బాగాలేదని తనిఖీలో చెబితే కోపం తెచ్చుకోకుండా పక్కకు తప్పుకుంటాడు. రోడ్డు భద్రత వారోత్సవాల్లో మేము బోర్డు మీద ఎంత రాసినా పిల్లలకు ఇంత బాగా పట్టదు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. ట్రాక్ మీద వేగం రుచి చూసినవాడు రోడ్డు మీద ఊరుకుంటాడా? అలాంటివాళ్లు ఉంటారు. అందులోనూ తిరుగు ప్రయాణం మరీ ప్రమాదం. ఒళ్లు అలసి ఉంటుంది, టైర్లు, బ్రేకులు అరిగి ఉంటాయి, మనసు ఇంకా 150లోనే ఉంటుంది. అందుకని ఆ రాత్రి అక్కడే పడుకోండి. పొద్దున్నే టైర్లు, బ్రేకులు చూసుకుని, గాలి సరిచేసుకుని, వెనక సీట్లో పిల్లవాడికి కూడా బెల్టు పెట్టించి 80 దాటకుండా ఇల్లు చేరండి. ఆ నిగ్రహం తనకు లేదనుకునేవారు అసలు వెళ్లకపోవడమే మంచిది.

ఇది డబ్బున్నవాళ్ల సరదా అని మరికొందరు అంటారు. నిజమే. ప్రవేశ రుసుము, టైర్లు, ప్యాడ్లు, పెట్రోలు, రెండు రోజుల పని నష్టం అన్నీ కలిపితే చిన్న మొత్తం కాదు. శెనక్కాయ పంట దెబ్బతిన్న ఏడాది ఫీజు కట్టడానికే ఇబ్బంది పడే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. అలాంటివారు ట్రాక్‌కు వెళ్లవలసిన పని లేదు. పైన చెప్పిన తనిఖీ మాత్రం కారైనా, బైకైనా, పిల్లలను దింపే ఆటో అయినా ప్రతి బండికీ పనికొస్తుంది.

ఈ ఆదివారం అరగంట కేటాయించండి. పిల్లలనే పిలిచి టైరు మీది తేదీ చదివించండి, బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్చారో బిల్లులో వెతికించండి, పాలసీ కాగితంలో ఆ వరుస ఎక్కడుందో చూపించమనండి. వాళ్లు "ఎంత స్పీడు పోతుంది?" అని మళ్లీ అడిగితే, ఎంత దూరంలో ఆగుతుందో లెక్క వేసి చెప్పమనండి. బండి తాళం చెవి మాత్రం వాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్సు వచ్చేదాకా మీ దగ్గరే ఉండనివ్వండి.