పేస్టు కాదు, పాచి సంగతి చూడండి

సంపాదకులకు,

చిగుళ్ల జబ్బుకు మూలికల పేస్టే మందు అన్న మీ వ్యాసంతో నేను ఏకీభవించలేను. చిగుళ్లను పాడుచేసేది పళ్ల మొదళ్లలో పేరుకునే పాచి. దాన్ని తీసేది ప్రధానంగా బ్రష్షే. వేప, లవంగం ఉన్న పేస్టు వాడితే తప్పు లేదు. కానీ పాచి గట్టిపడి గారగా మారాక ఏ పేస్టుకూ ఊడిరాదు, డాక్టరు తీయాల్సిందే. ఫ్లోరైడు పేస్టు పళ్లు పుచ్చకుండా కాపాడుతుంది. నల్లగొండ ఫ్లోరైడు నీళ్ల గోస తలచుకొని ఆ పేస్టుకు భయపడనక్కర్లేదు, దాన్ని ఉమ్మేస్తాం కదా! పసిపిల్లలకు మాత్రం బియ్యపు గింజంత చాలు.

వ్యాసకర్త అసలు ముట్టుకోనిది పొగాకు సంగతి. పళ్లపొడుల్లో, పేస్టుల్లో దాన్ని కలపడాన్ని కేంద్రం 1992లోనే నిషేధించింది. అయినా మన బీడీల జిల్లా నిజామాబాద్‌లో తంబాకు, గుట్కా నోళ్లను వదలడం లేదు. పొగాకు రక్తనాళాలను బిగించి, చిగుళ్ల నుంచి రక్తం కారకుండా చేస్తుంది. లోపల ఎముక కరిగిపోతున్నా మనిషికి తెలియదు. షుగరు ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

నిజామాబాద్‌లోనే దంత వైద్య కళాశాల ఉంది. బ్రష్షు చేస్తుంటే రక్తం కనబడితే పేస్టులు మారుస్తూ కూర్చోకుండా వెళ్లి చూపించుకోండి.

- ఒక పాఠకురాలు, శక్కర్‌నగర్, బోధన్